ల్యాబ్‌లో హెచ్ఎఫ్ ఒలికింది, ఇసుక పోశాం. తప్పు చేశామా?

1. రాతిపొడి, సాయంత్రం 7:10

అందరికీ నమస్కారం. పెద్ద ప్రమాదమేమీ కాలేదు కానీ పొద్దుటి నుంచి మనసు పీకుతోంది, అందుకే అడుగుతున్నా.

మాది రాళ్లను విశ్లేషించే ల్యాబ్. రాతిపొడిని కరిగించడానికి టెఫ్లాన్ గిన్నెల్లో 48 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ (హెచ్ఎఫ్) వాడతాం. ఇవాళ పదకొండు గంటలప్పుడు బాటిల్లోంచి వంపుతుంటే నా కోటు చెయ్యి తగిలి బాటిల్ పక్కకి ఒరిగింది. సుమారు 100 మిల్లీలీటర్లు పోయింది. సగం ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని లాగేసే ఫ్యాన్, ముందు అద్దం ఉన్న గూడు) ట్రేలో పడింది, మిగతాది అంచు మీంచి కారి నేలకి చేరింది.

అందరం వెనక్కి దూకాం. నా ఫ్రెండ్ పరిగెత్తుకెళ్లి అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఇసుక బకెట్ తెచ్చి కుమ్మరించాడు. గొంతులో గరగర అనిపించి కిటికీలు తెరిచి బయటికొచ్చేశాం. అరగంట ఆగి లోపలికెళ్లి ఇసుక ఎత్తి సంచిలో పోశాం, నేల తుడిపించాం. ఎవరికీ కాలలేదు. టైల్స్ మీద మాత్రం అరచేయంత మేర నిగనిగ పోయి సుద్ద రాసినట్టు అయింది.

మా సార్ ఊళ్లో లేరు. రేపు అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. ఇసుక పోయడం కరెక్టేనా?

2. నీలిలిట్మస్, 7:24

కరెక్టు కాదు. మీ టైలుకి ఏమైందో చూశారుగా, జవాబు అక్కడే ఉంది. గాజుని తినే యాసిడ్ ఇది. అందుకే మీకు గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ బాటిల్లో వస్తుంది. గాజులో ఉండేదీ ఇసుకలో ఉండేదీ ఒకటే, సిలికా. సిలికా మీద హెచ్ఎఫ్ పడితే సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. మీ గొంతు గరగరలో యాసిడ్ ఆవిరి వాటా ఎంతో, దీని వాటా ఎంతో చెప్పలేం కానీ, ఇసుక మాత్రం మేలు చేయలేదు.

వర్మిక్యులైట్ (ఒలికినవి పీల్చడానికి వాడే ఖనిజం), బంకమట్టి గుళికలు, గాజు ఊలు కూడా ఇదే బాపతు. "అన్ని యాసిడ్లకూ" అని బొమ్మతో సహా అట్ట మీద వేసిన స్పిల్ కిట్లు (ఒలికినవి ఎత్తే సామాను) ఉంటాయి. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే "హైడ్రోఫ్లోరిక్ మినహా" అని కనపడుతుంది చాలాసార్లు.

దీనికి కావలసింది కాల్షియం. తడిసున్నం గానీ కాల్షియం కార్బొనేట్ గానీ. ఫ్లోరైడ్‌ని కాల్షియం పట్టేసుకుంటే నీళ్లలో దాదాపు కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. లెక్క కూడా వేద్దాం. 48 శాతం యాసిడ్ 100 మి.లీ. అంటే 115 గ్రాముల బరువు, అందులో అసలు హెచ్ఎఫ్ 55 గ్రాములు. దానికి తడిసున్నం 102 గ్రాములు సరిపోవాలి. కాగితం మీద. నిజంగా చేసేటప్పుడు సున్నం రేణువుల మీద ఫ్లోరైడ్ పొర కట్టి లోపలిది పనిచేయదు కాబట్టి రెండింతలు పెట్టుకోండి.

3. పికిలింగ్‌బాబాయ్, 7:33

లిట్మస్ గారి లెక్కకి ఒక మాట కలుపుతా. స్టీలు పికిలింగ్‌లో (స్టీలు మీది పొలుసు యాసిడ్‌తో తీసే పని) నైట్రిక్, హెచ్ఎఫ్ కలిపిన తొట్ల పక్కనే పద్దెనిమిదేళ్లు గడిపినవాణ్ణి.

తడిసున్నం అంటే నీళ్లు చల్లి చల్లార్చిన పొడి. కాల్చిన రాయిసున్నం కాదు. "సున్నం అన్నారుగా" అని రాయిసున్నం ముక్కలు తడి యాసిడ్ మీద వేస్తే అక్కడే కుతకుత ఉడుకుతుంది, ఆవిరంతా మీ మొహానికే. తడిసున్నమైనా సరే గుప్పెడు తీసి నడిమధ్యన పడేయకూడదు. గాఢ యాసిడ్ కదా, వేడి పుడుతుంది. బయటి అంచు చుట్టూ గట్టు కట్టినట్టు చల్లుతూ లోపలికి రావాలి, మెల్లగా, దూరం నుంచి, పొడుగు పిడి ప్లాస్టిక్ పారతో. ఇనుప చేట వద్దు, ఈ యాసిడ్ లోహాన్ని తింటే హైడ్రోజన్ వస్తుంది.

అసలు మాట ఇంకోటుంది. హుడ్ బయట గాఢ హెచ్ఎఫ్ నేల మీద పడితే అది మీరు ఎత్తాల్సింది కాదు. ట్రేలో పడింది ఎత్తండి, ఫ్యాన్ తిరుగుతోంది, అద్దం దించి ఉంది, సరే. నేల మీదది చూడగానే చేయాల్సింది ఒకటే, పక్కవాళ్లని పిలుచుకుని బయటికి, తలుపు వేసి, కాపలా నిలబడి, తగిన మాస్కూ సూటూ ఉన్న టీముకి ఫోను. మీరు అరగంటాగి లోపలికెళ్లారు చూడండి, అదీ నాకు ఒళ్లు జలదరించింది. ఇసుక కన్నా అదే పెద్ద తప్పు.

4. గట్టుమీద, 7:38

ఇంత హంగామా అవసరమా? మా వర్క్‌షాపులో వంటసోడా చల్లుతాం. బుసబుస పొంగుతుంది, ఆగుతుంది, లిట్మస్ పేపర్ పెట్టి చూస్తాం, ఎర్రబడదు, తుడిచేస్తాం. పదేళ్లుగా ఇంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

5. నీలిలిట్మస్, 7:46

గట్టుమీద గారూ, లిట్మస్ పేరు పెట్టుకున్నవాణ్ణి నేనే చెబుతున్నా, ఆ పేపర్‌ని ఇక్కడ నమ్మకండి. అది ఆమ్లం పోయిందని చెబుతుంది. ఫ్లోరైడ్ పోయిందని చెప్పదు. సోడా వేస్తే సోడియం ఫ్లోరైడ్ మిగులుతుంది. అది నీళ్లలో కరుగుతుంది, అదీ విషమే. మీ తుడుపుగుడ్డలో, బకెట్లో, కాలవలో చక్కగా ప్రయాణం చేస్తుంది. పైగా ఆ బుసబుసలో లేచే తుంపరని పీలుస్తున్నారు. సోడాతో మొదలుపెట్టే పద్ధతులు లేకపోలేదు, కానీ వాటిలో కూడా చివరికి కాల్షియం కలిపి ఫ్లోరైడ్‌ని కట్టేస్తారు.

6. కొత్తబ్యాచ్, 7:49

చిన్న డౌట్ సార్. పుస్తకంలో హెచ్ఎఫ్ బలహీన ఆమ్లం అని ఉంది కదా. హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) బలమైనది. మరి దీనికే ఇంత భయమెందుకు?

7. నైట్‌డ్యూటీ, 7:52

కొత్తబ్యాచ్ ప్రశ్న మంచిదే, ఎవరైనా చెప్తారు. ముందు నాకో సంగతి కావాలి. నేను ఎమర్జెన్సీ వార్డు నర్సుని.

రాతిపొడి తమ్ముడూ, "నేల తుడిపించాం" అని రాశావు. తుడిచింది ఎవరు? చేతికి ఏం వేసుకున్నారు? ఇప్పుడు ఎక్కడున్నారు?

8. రాతిపొడి, 7:58

మా అటెండర్ అన్న. మామూలుగా గిన్నెలు కడిగే రబ్బరు గ్లోవ్స్ వేసుకున్నాడు. రెండుసార్లు తుడిచి గుడ్డ పిండాడు. ఐదింటికి ఇంటికెళ్లాడు. వెళ్లేటప్పుడు బాగానే ఉన్నాడక్కా.

9. నైట్‌డ్యూటీ, 7:59

వెంటనే ఫోన్ చెయ్. చెయ్యి నొప్పి ఉందా అని మాత్రమే అడగకు. మంట, గుచ్చినట్టు, తిమ్మిరి, ఏదైనా సరే. వేళ్ల చివర్లు, గోళ్ల కింద ఎలా ఉందో అడుగు.

10. నీలిలిట్మస్, 8:06

ఈలోగా కొత్తబ్యాచ్‌కి చెబుతా, ఎందుకంటే ఈ ఫోన్‌కీ ఆ డౌట్‌కీ సంబంధం ఉంది.

బలహీనం అంటే నీళ్లలో పూర్తిగా అయాన్లుగా విడిపోదని అర్థం, మెత్తనిదని కాదు. హెచ్‌సీఎల్ విడిపోయి చర్మం పైనే కాల్చేస్తుంది, కెవ్వుమంటాం, నీళ్ల కిందకి పరిగెడతాం. హెచ్ఎఫ్ చాలా భాగం విడిపోకుండా చిన్న అణువుగానే ఉండి చర్మం దాటి లోపలికి దిగుతుంది. లోపల విడిపోయి ఫ్లోరైడ్‌ని వదులుతుంది. ఆ ఫ్లోరైడ్ కండలో, ఎముకలో, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కడుంటే అక్కడ పట్టేసుకుంటుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఇంకా మోసం ఏంటంటే నొప్పి ఆలస్యంగా వస్తుంది. 50 శాతం దాటిన యాసిడ్ అయితే అప్పుడే తెలుస్తుంది. 20 నుంచి 50 మధ్యైతే గంట నుంచి 8 గంటలు పట్టొచ్చు. 20 లోపు అయితే 24 గంటల దాకా ఏమీ అనిపించకపోవచ్చు. తుడిచిన గుడ్డలో ఉన్నది నీళ్లు కలిసిన యాసిడ్. నైట్‌డ్యూటీ గారు ఆ ప్రశ్న అడగడానికి కారణం ఇదే.

11. రాతిపొడి, 8:11

అక్కా, ఆరింటి నుంచి కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు చివర్లలో సూదులతో గుచ్చుతున్నట్టు ఉందంట. చూస్తే ఏం లేదు, కాస్త తెల్లగా ఉందంట. నొప్పి మాత్ర వేసుకుని పడుకోబోతున్నాడు. గ్లోవ్‌కి చిన్న చిరుగు ఉన్నట్టుందని ఇప్పుడు అంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

12. నైట్‌డ్యూటీ, 8:14

పడుకోనివ్వకు. మళ్లీ ఫోన్ చేసి చెప్పు, కుళాయి కింద చెయ్యి పెట్టి కడుగుతూ ఉండమను, ఉంగరం ఉంటే తీసేయమను. నువ్వు బండి వేసుకెళ్లి తీసుకురా, పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. దీనికి రాసే కాల్షియం జెల్ మీ దగ్గర లేదు కాబట్టి, దారిలో కాల్షియం కార్బొనేట్ ఉండే గ్యాస్ మాత్రలు దొరికితే పొడి చేసి నీళ్లతో ముద్దలా కలిపి వేళ్లకి పట్టించు. అది వైద్యం కాదు, చేరేదాకా ఊతం మాత్రమే. దానికోసం వెతుకుతూ ఆగొద్దు. పట్టించేటప్పుడు నీ చేతికి గ్లోవ్ ఉండాలి.

యాసిడ్ బాటిల్ లేబుల్ ఫొటో, సేఫ్టీ డేటా షీట్ (దాని ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం) రెండూ ఫోన్లో పెట్టుకో. లోపలికెళ్లగానే "యాసిడ్ కాలింది" అనకు. "హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, కాల్షియం గ్లూకోనేట్ కావాలి" అను. వేళ్లు చూడ్డానికి బాగుంటాయి కాబట్టి లైన్లో కూర్చోబెడతారు. కూర్చోకు. ఈసీజీ తీయమని, కాల్షియం చూడమని అడుగు. ఏం మాత్ర వేసుకున్నాడో కూడా చెప్పు. ఈ కేసులో నొప్పి తగ్గుతోందా లేదా అన్నదే మందు పనిచేస్తోందా లేదా అన్నదానికి గుర్తు.

13. రాతిపొడి, 8:15

బయల్దేరుతున్నా.

14. క్లీన్‌రూమ్, 8:40

కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేస్తా. మాకు హెచ్ఎఫ్ రోజువారీ నేస్తం. గ్లోవ్స్ సంగతి ఎవరూ గట్టిగా అనలేదు కాబట్టి చెబుతున్నా. పల్చటి నైట్రైల్ గ్లోవ్స్ ఒక చుక్క పడితే తీసి పారేయడానికి మాత్రమే, తొడుక్కుని ధీమాగా పని చేసుకోవడానికి కాదు. లోపల నైట్రైల్, పైన మోచేతి దాకా వచ్చే మందపాటి నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరు గ్లోవ్. మొహానికి కళ్లజోడు, దాని మీద షీల్డు. ముందు ఆప్రాన్. గ్లోవ్ వేసుకునే ముందు గాలి ఊది, మణికట్టు దగ్గర మెలిపెట్టి, బుడగలా నిలుస్తుందో లేదో చూస్తాం. రోజూ చూస్తాం. ఆ చిన్న చిరుగు అప్పుడే దొరికేది.

ఇంకో చాదస్తం మాది. హెచ్ఎఫ్ బెంచీ మీద ఏ చుక్క కనిపించినా అది నీళ్లని ఎవరూ అనుకోరు. చూడ్డానికి రెండూ ఒకటే.

15. గట్టుమీద, 8:52

సరే, సోడా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్క చుక్కకే మనిషి పోతాడని కొందరు చెప్తారు, అది మాత్రం అతి కదా?

16. పికిలింగ్‌బాబాయ్, 9:05

ఒక్క చుక్క అనేది అతే. కానీ మీరనుకునే దూరంలో మాత్రం లేదు. గాఢ హెచ్ఎఫ్ ఒంట్లో 2.5 శాతం మేర కాలినా ప్రాణం పోయిన కేసులున్నాయి. ఒక అరచెయ్యి, వేళ్లతో కలిపి, ఒంట్లో దాదాపు 1 శాతం. అంటే రెండున్నర అరచేతులు.

1994లో ఆస్ట్రేలియాలో ఒక టెక్నీషియన్‌కి కూర్చుని పనిచేస్తుంటే 70 శాతం హెచ్ఎఫ్ తొడల మీద ఒలికింది. మన రాతిపొడి లాగే రాళ్ల నమూనాల ల్యాబే. ఒళ్లో పడింది, ఆప్రాన్ లేదు, కాల్షియం జెల్ లేదు. కాలు తీసేశారు, అయినా పదిహేను రోజులకి పోయాడు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి నేను మొదటిరోజు చెప్పే కథ ఇదే. కుర్చీలో కూర్చుని ఈ యాసిడ్ ముట్టుకోవద్దని అందుకే అంటాను.

ట్యాంకర్ల లెవల్లో కావాలంటే 2012 సెప్టెంబరు 27, దక్షిణ కొరియాలో గుమి. ట్యాంకర్ నుంచి దించుతుండగా లీకై అయిదుగురు కార్మికులు చనిపోయారు. చుట్టుపక్కల పైర్లు మాడిపోయాయి, వేలమంది ఆసుపత్రులకి వెళ్లారు. అది నీళ్లు లేని హెచ్ఎఫ్. 19.5 డిగ్రీలకే మరిగిపోతుంది, అంటే మామూలు రోజున బయటికి వస్తే మబ్బులా పాకడమే.

17. కొత్తబ్యాచ్, 9:20

చర్మం మీద పడితే ఎంతసేపు కడగాలి? మాకు అన్ని యాసిడ్లకీ 15 నిమిషాలు అని నేర్పారు.

18. క్లీన్‌రూమ్, 9:27

జెల్ చేతిలో ఉంటే 5 నిమిషాలు బాగా కడిగి వెంటనే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రుద్దడం మొదలుపెట్టాలి. ఎందుకంటే నీళ్లు పైనున్నదాన్నే కడుగుతాయి, లోపలికి దిగినదాన్ని పట్టుకునేది కాల్షియమే. జెల్ లేకపోతే అది దొరికేదాకా కడుగుతూనే ఉండాలి. బట్టలు షవర్ కిందే విప్పేయాలి, సిగ్గుపడే టైమ్ కాదు. రుద్దేవాళ్లకీ గ్లోవ్స్ తప్పనిసరి. కంట్లో పడితే మాత్రం ఆ జెల్ పెట్టకూడదు, నీళ్లతోనో సెలైన్‌తోనో కడిగి డాక్టర్ దగ్గరికి.

19. పికిలింగ్‌బాబాయ్, 9:41

ఒకటి మర్చిపోయాం. ఆ ఇసుక సంచి ఇప్పుడు ఎక్కడుంది? కారిడార్‌లోనో, ఇనుప చెత్తడబ్బాలోనో ఉంటే రేపు పొద్దున ఇంకెవరో చేత్తో ఎత్తుతారు. తుడిచిన గుడ్డ, బకెట్ నీళ్లు కూడా.

20. రాతిపొడి, రాత్రి 11:48

ఆసుపత్రి నుంచి రాస్తున్నా. అన్న బాగున్నాడు. మొదట చెప్పినట్టే కూర్చోమన్నారు. ఫోన్లో లేబుల్ చూపించి అక్క చెప్పిన మాట చెప్పాక డ్యూటీ డాక్టర్ గారు లోపలికి పిలిచారు. ఆయన కూడా ఇంతవరకు చూడలేదట, అయినా డేటా షీట్ మొత్తం నిలబడే చదివారు. వాళ్ల దగ్గర జెల్ లేదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ 10 మి.లీ. తీసి 30 మి.లీ. జెల్లీలో కలిపి, అది గ్లోవ్‌లో నింపి, ఆ గ్లోవ్ అన్న చేతికి తొడిగారు. అన్న దాన్ని చూసి "గోరింటాకు పెట్టినట్టుంది" అన్నాడు. ముప్పావుగంటకి గుచ్చడం తగ్గింది. గ్లోవ్ తీస్తే మళ్లీ మొదలైంది, మళ్లీ తొడిగారు. ఈసీజీ బాగానే ఉంది. పొద్దుటిదాకా ఉంచుతామన్నారు.

మత్తు ఇంజెక్షన్ ఇమ్మని నేనే అడిగాను, నొప్పి చూడలేక. నొప్పి తెలియకుండా చేస్తే మందు చాలిందో లేదో మాకెలా తెలుస్తుంది అన్నారు డాక్టర్ గారు.

బాబాయ్, సంచి కారిడార్‌లోనే ఉంది. సెక్యూరిటీకి ఫోన్ చేసి ఆ ఫ్లోర్‌కి తాళం వేయించాను. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను.

21. నైట్‌డ్యూటీ, రాత్రి 12:02

ఆ డాక్టర్‌కి నా నమస్కారం చెప్పు. గోళ్ల కింద నల్లబడటం, నొప్పి తిరగబెట్టడం ఉంటే చెయ్యి స్పెషలిస్టుకి చూపించాలని అడిగి ఉంచు. జెల్‌తో తగ్గకపోతే చేతి రక్తనాళంలోంచే కాల్షియం ఎక్కించే పద్ధతి ఉంది. నువ్వు కూడా అక్కడున్నావు కదా, గొంతు గరగర అన్నావు. దగ్గు, ఆయాసం ఏమైనా ఉంటే నిన్నూ చూపించుకో, ఎలాగూ అక్కడే ఉన్నావు.

22. పికిలింగ్‌బాబాయ్, 12:10

తాళం మంచి పని. పొద్దున ఎవరు ఎత్తినా పూర్తి తొడుగులతో ఎత్తి పాలిథిన్ బకెట్లో పెట్టి, హుడ్‌లో ఉంచి, సున్నం కలపాలి. మూత బిగించొద్దు. బకెట్ మీద ఏముందో రాయాలి. ఆ తర్వాత ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకి. తుడిచిన నీళ్లు ఇప్పటికే సింక్‌లో పోసుంటే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి.

23. రాతిపొడి, తొమ్మిది రోజుల తర్వాత

అప్‌డేట్ ఇస్తానన్నాను. అన్న డ్యూటీకి వచ్చేశాడు. చూపుడువేలి గోరు సగం ఊడింది, కొత్తది వస్తుందన్నారు. సార్‌కి జరిగినది జరిగినట్టు చెప్పాను. తిట్లు పడ్డాయి, న్యాయమే.

హుడ్ పక్క నుంచి ఇసుక బకెట్ తీసేశాం. డబ్బాలో తడిసున్నం, పొడుగు పిడి పార, పాలిథిన్ బకెట్ పెట్టాం. జెల్ ట్యూబులు నాలుగు వచ్చాయి. బాటిల్ నేరుగా వంపకుండా చిన్న పంపు పెట్టాం. నేల మీద పడితే ఎవరూ ఎత్తరు, తలుపు వేసి ఫోన్. నోటీసు ఇంగ్లిష్‌లో అంటిస్తే అన్న వచ్చి "నాకు చదవరాదు కదా, తుడిచేది నేనే" అన్నాడు. తెలుగులో పెద్ద అక్షరాలతో మళ్లీ రాశాం.

24. నైట్‌డ్యూటీ

గోరు వస్తుందిలే. జెల్ ఎక్కడ పెట్టారు?

25. రాతిపొడి

సార్ గదిలో బీరువాలో అక్కా. ఎక్స్‌పైరీ ఉంటుందని, పోతుందని తాళం వేసి ఉంచారు.

26. నైట్‌డ్యూటీ

రాత్రి పదింటికి ఒలికితే సార్‌ని లేపుతావా? హుడ్ పక్కన గోడకి తగిలించు. తాళం వద్దు.

27. రాతిపొడి

ఇప్పుడే తీసుకొచ్చి తగిలించాం. ఒక ట్యూబు అన్న తన స్టోర్ గదిలో కూడా పెట్టుకున్నాడు.